దీపం పెట్టుకుని దాక్కునే చేప

శ్రీకాకుళం జిల్లాలో కళింగపట్నానికి దగ్గరలోని ఒక మత్స్యకార గ్రామంలో, వేట నిషేధం రోజుల్లో, తుఫాను షెల్టర్ వరండాలో ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్ చేసిన ప్రసంగం ఇది. ఆ సాయంత్రం రాలేకపోయినవాళ్ళ కోసం ఫోన్ రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం. మిగతాదంతా ఆయన మాట్లాడినట్టే ఉంది.

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, ఇక్కడ గట్టు మీద చోటుంది. మైకు వద్దని నేనే అన్నాను. ఏళ్ళ తరబడి క్లాసులో అరిచిన గొంతు ఇది, సముద్రం హోరులో కూడా వినిపిస్తుంది. వినపడకపోతే చెయ్యెత్తండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట లేదు. వలలు కుట్టుకోవడం, ఇంజన్లు విప్పి బాగుచేసుకోవడం. సాయంత్రం ఖాళీయే కదా, ఒక గంట మాట్లాడండి మాస్టారూ అని మన కుర్రాళ్ళు పిలిచారు. దేని గురించిరా అంటే చేపల గురించి అన్నారు. చేపల గురించి మీకు నేను చెప్పేదేమిటి? కోనాం ఎక్కడ తిరుగుతుందో, కవళ్ళు ఎప్పుడొస్తాయో మీకు తెలిసిన దాంట్లో నాకు పావలా వంతు తెలీదు. అందుకని బాగా ఆలోచించి, మీ వలలో పడని చేప ఒకటి పట్టుకొచ్చాను. అది పడే లోతుకి మీ వల వెళ్ళదు, పైకొచ్చినా మీ వల కన్నుల్లోంచి జారిపోతుంది. కాబట్టి దాని గురించి నేనేం చెప్పినా మీరు వినాల్సిందే.

ఇదిగో, ఈ సీసా. ముందు పిల్లలకివ్వండి. మూత మాత్రం తియ్యకండి, అందులో ఉన్నది ఫార్మలిన్, కళ్ళు మండిపోతాయి. వెలుతురు వైపు పెట్టి చూడండి. చూపుడు వేలి మీద రెండు కణుపులంత ఉంటుంది. తల పెద్దది, తలకి తగ్గ నోరు, నోటిని మించిన కన్ను. నెత్తల్లా ఉందంటున్నారా? ఉంటుంది, దూరం నుంచి చూస్తే నెత్తలే అనుకుంటాం. ఇప్పుడు పొట్ట వైపు చూడండి. దవడ కింద మొదలుపెట్టి తోక దాకా చుక్కలు చుక్కలుగా ఒక వరస కనిపిస్తోందా? ఆవగింజ కన్నా చిన్నవి, ముత్యాల్లా, చుట్టూ నల్ల అంచు. కనిపించాయా? అవే. ఈ గంటా నేను మాట్లాడబోయేది ఆ చుక్కల గురించి.

అవి దీపాలు. ఇంగ్లీషులో దీన్ని లాంతర్న్ ఫిష్ అంటారు, లాంతరు చేప. ఇది ఒక్క చేప కాదు, పెద్ద కుటుంబం. సుమారు 250 జాతులున్నాయి, ధ్రువాల దగ్గర చల్లని నీళ్ళ నుంచి మన నీళ్ళ దాకా అన్ని మహాసముద్రాల్లోనూ ఉన్నాయి. ఎక్కువ వాటికి జానెడు పొడుగు కూడా ఉండదు. నేను ఈవేళ ముఖ్యంగా ఒక జాతి గురించి చెబుతాను. దాని శాస్త్రీయ నామం బెంథోసెమా టెరోటమ్. భయపడకండి, మళ్ళీ మళ్ళీ అనను. ఎంత పెరిగినా ఏడు సెంటీమీటర్లు. సీసాలోది అదే కాదు, దాని దాయాది. కేరళలో లోతు రొయ్యలకి వెళ్ళే ట్రాలర్లలో చెత్తతో పాటు వచ్చిన దాన్ని ఒక స్నేహితుడు ఇచ్చాడు.

ఇన్ని జాతుల్లో ఆ ఒక్కదాన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, అది మనది. మనదంటే నిజంగా మన బంగాళాఖాతానిది. 1880లలో ఇన్వెస్టిగేటర్ అని ఒక ఓడ ఉండేది. పక్కల చక్రాలు తిరుగుతూ నడిచే ఆవిరి ఓడ. బ్రిటిష్ వాళ్ళ కాలంలో మన తీరాన సముద్రం లోతులు కొలిచి పటాలు గీయడం దాని పని. అందులో ఒక డాక్టరుండేవాడు, ఆల్కాక్ అని. ఓడలో జ్వరాలకి మందులివ్వడం ఆయన ఉద్యోగం, లోతు నుంచి వల లాగినప్పుడు వచ్చిన జీవాల్ని సారాలో వేసి భద్రం చేయడం ఆయన ఇష్టం. నన్నడిగితే రెండోదే అసలు ఉద్యోగం. 1889-90 సీజన్‌లో బంగాళాఖాతంలో దొరికిన లోతు చేపల గురించి 1890లో ఒక వ్యాసం రాశాడు. అందులో ఉంది ఈ చేప. లోకానికి దాన్ని మొదటిసారి చూపించిన కాగితం అదే. పేరు చివరున్న టెరోటమ్ ఆయన పెట్టిందే, రెక్కలున్నది అని అర్థం. చేపన్నాక రెక్కలుండవా అని మీరు అడగొచ్చు, నేనూ అడిగాను, చెప్పడానికి ఆయన లేడు.

సరే, ఆయన గ్రీకులో పేరు పెట్టాడు. ఇంగ్లీషు వాళ్ళు ఇంగ్లీషులో పెట్టుకున్నారు. మరి తెలుగులో? భీమిలి నుంచి బారువ దాకా ఎక్కడికి వెళ్ళినా ఈ సీసా చూపించి అడుగుతున్నాను, దీన్నేమంటారని. ఇప్పటిదాకా ఎవరూ పేరు చెప్పలేదు. ఒకాయన తిరగేసి మరగేసి చూసి, "ఇది కూర కాదండి" అన్నాడు. అంతకన్నా సరైన వర్ణన నేను వినలేదు. అమ్ముడుపోని దానికి, కూర కాని దానికి మనం పేరు పెట్టం కదా. మీలో ఎవరికైనా తెలిస్తే చివర్లో చెప్పండి, రాసుకుంటాను.

ఇప్పుడు దీపాల సంగతి.

ఒక ప్రశ్న అడుగుతాను. చీకట్లో దొంగ వచ్చాడు, మీరు దాక్కోవాలి. దీపం ఆర్పుతారా, వెలిగిస్తారా? ఆర్పుతారు. చిన్నపిల్లాడిని అడిగినా అదే చెబుతాడు. ఈ చేప వెలిగిస్తుంది. దాక్కోవడానికే వెలిగిస్తుంది. ఎలా?

ఇక్కడ తెప్ప కిందకి మునిగి పైకి చూసినవాళ్ళు ఎంతమంది? చూశారా, కుర్రాళ్ళందరూ చేతులెత్తారు, వాళ్ళ అమ్మలు చూస్తున్నారు ఎవరెవరో. ఏం కనిపించింది? పైన నీళ్ళు తెల్లగా, తెప్ప నల్లగా. తెప్పకి ఏ రంగు వేసినా కింద నుంచి నల్లగానే కనిపిస్తుంది, ఎందుకంటే వెలుతురు పైనుంచి వస్తోంది, తెప్ప అడ్డం పడుతోంది. సముద్రంలో చిన్న చేపని తినేవి చాలావరకు అలా కింద నుంచే చూస్తాయి. రెండు వందల మీటర్ల లోతున నీలం వెలుతురు ఒక్కటే మిగులుతుంది. ఎరుపు పైన కొద్ది మీటర్లలోనే పోతుంది, తర్వాత మిగతావి. ఆ మసక నీలంలో వేలెడు చేప ఈదుతుంటే కింద నుంచి చూసేవాడికి నల్ల మరకలా కనపడుతుంది. మరక అంటే భోజనం.

ఇప్పుడు ఆ తెప్ప అడుగున బల్బులు బిగించామనుకోండి. పైనుంచి ఎంత వెలుతురు వస్తోందో సరిగ్గా అంతే వెలుతురు, అదే రంగులో, కిందకి పడేట్టు. కింద మునిగినవాడికి తెప్ప కనపడుతుందా? కనపడదు. పైనున్న ఆకాశమే కనపడినట్టుంటుంది. ఈ చేప చేసేది అదే. పొట్ట కింద దీపాలు నీలంగా వెలుగుతాయి, సముద్రంలో దిగే వెలుతురు రంగే. మబ్బు పట్టి పైన మసకబారితే తనూ తగ్గిస్తుంది. పైన పెరిగితే పెంచుతుంది. ప్రయోగశాలలో తొట్టెలో వేసి పైన లైటు పెంచీ తగ్గించీ చూశారు, కింద చేప దీపాలు దాని వెంటే పెరిగాయి, తగ్గాయి. రెండో ప్రపంచ యుద్ధంలో కెనడా నౌకాదళం యుద్ధ ఓడల పక్కలకి లైట్లు బిగించి ఇలాగే మాయం చేద్దామని ప్రయత్నించింది. కొంత పనిచేసింది కూడా, కానీ వాళ్ళకి తీగలు, డైనమోలు కావాల్సొచ్చాయి. ఈ చేపకి నరాలు చాలు.

ఒక్కో దీపం ఎలా ఉంటుందో కొంచెం చెబుతాను, నాకు ఇష్టమైన భాగం ఇదే. ఒక చిన్న గిన్నె ఊహించుకోండి. గిన్నె బయట నల్లటి పూత, వెలుతురు లోపలికి, అంటే చేప ఒంట్లోకి, పోకుండా. గిన్నె లోపల అద్దంలాంటి పొర, వెలుతురుని కిందకి తోయడానికి. గిన్నెలో వెలుగునిచ్చే కణాలు. గిన్నె మీద మూత, ఆ మూత ఏమిటో తెలుసా? పొలుసు. మామూలు పొలుసే, ఆ ఒక్కచోట దళసరిగా ఉబ్బి భూతద్దంలా తయారైంది. టార్చిలైట్ విప్పితే లోపల ఏముంటాయి? వెనక అద్దం గిన్నె, మధ్యలో బల్బు, ముందు గాజు. మూడూ ఉన్నాయా లేవా? కొన్ని లోతు చేపలు దీపాల్లో వెలిగే బాక్టీరియాని పెంచుకుంటాయి, అద్దెకున్నట్టు. ఇది అలా కాదు, సొంత ఇల్లు. వెలుగు దాని కణాల్లోనే పుడుతుంది. మిణుగురులో జరిగేలాంటి రసాయన చర్యే, పదార్థం వేరు. వేడి పుట్టదు.

ఇంకో విచిత్రం. ఆ చుక్కల వరస ఏ జాతికి ఆ జాతికి వేరు. దవడ కింద ఎన్ని, ఛాతీ కింద ఎన్ని, తోక మొదట్లో ఎన్ని, ఏది కాస్త పైకి జరిగి ఉంది, అన్నీ లెక్కే. మా వాళ్ళు జాతిని గుర్తుపట్టేది ఆ చుక్కలు లెక్కపెట్టే. మీరు పడవ రంగు చూసి ఏ ఊరి పడవో చెప్పెయ్యరూ? అలాగ. చాలా జాతుల్లో తోక దగ్గర ఇంకో దీపం ఉంటుంది. మగదానికి తోక పైభాగాన, ఆడదానికి కిందిభాగాన. పొట్ట దీపాలు దాక్కోవడానికి, తోక దీపం మాట్లాడుకోవడానికి అనుకోవచ్చు. డయాఫస్ అని ఒక రకం ఉంది, దానికి కళ్ళ ముందు రెండు పెద్ద దీపాలు, అచ్చం మోటార్ సైకిల్ హెడ్‌లైట్లే.

నేను బతికున్న లాంతరు చేపని ఒక్కసారే చూశాను. వయసులో ఉండగా ఒక పరిశోధన నౌకలో కొన్నాళ్ళు వెళ్ళాను. పని ఏమీ లేదు, నీళ్ళ శాంపిళ్ళ సీసాల మీద చీట్లు అంటించడం. రాత్రి ఓడ ఆపి పెద్ద లైట్లు వేశారు. లైటు వెలుతురు అంచున, వెలుతుర్లోకి రాకుండా చీకట్లోకి పోకుండా, చిన్న చేపలు తిరుగుతున్నాయి. కళ్ళు మాత్రం ఎర్రటి నిప్పురవ్వల్లా మెరుస్తున్నాయి. ఒకతను పొడుగు కర్రకి కట్టిన చేతివలతో ఒకటి తీశాడు. బకెట్లో వేసి డెక్కు మీద లైటు లేని మూలకి తీసుకెళ్ళాం. ఏమీ లేదు, చీకటి. నేను వేలు పెట్టాను. తోక దగ్గర నీలంగా తటాలున ఒక మెరుపు, మళ్ళీ ఒకటి. అంతే. పొట్ట దీపాలు వెలగడం నాకు కనపడలేదు, అవి అంత మసక. దాన్ని అరచేతిలోకి తీసుకున్నాను. తీసుకుంటే పొలుసులన్నీ నా చేతికి అంటుకుపోయాయి, తడి కాగితం ముక్కల్లా. చేప చేతిలో బోసిగా మిగిలింది. పాపం చేసినట్టనిపించింది. వెంటనే నీళ్ళలో వేశాను, ఆలస్యమైపోయింది. అందుకే వలలో వచ్చిన లాంతరు చేపకి సగం దీపాలుండవు. పొలుసుతో పాటు దీపం మూత కూడా ఊడిపోతుంది.

టైమెంత? ఆరుంపావు. సూర్యుడు దిగుతున్నాడు. సరిగ్గా ఈ సమయంలో అక్కడ ఏం జరుగుతోందో చెబుతాను.

మన తీరం నుంచి తూర్పుగా పోతే ముందు చాలా దూరం లోతు మెల్లగా పెరుగుతుంది. మీకు తెలుసు, వంద బారల దాకా మెల్లగా దిగి, తర్వాత గట్టు తెగినట్టు ఒక్కసారి లోతు పడిపోతుంది. ఆ వాలు దగ్గర ఉంటుంది ఈ చేప. పగలంతా కింద చీకట్లో, రెండు మూడు వందల మీటర్లు, అంటే నూట పది బారలు, నూట అరవై బారలు. పెద్దగా కదలదు. పొద్దు వాలగానే లేస్తుంది. ఒకటి కాదు, మంద మంద. చీకటి పడేసరికి పైకి, పది ఇరవై మీటర్ల దాకా వచ్చేస్తుంది. రాత్రంతా తింటుంది. తెల్లారే ముందు మళ్ళీ దిగిపోతుంది. రోజూ. సెలవు లేదు, నిషేధం లేదు.

ఎంత దూరమో లెక్కేద్దామా? అయిదు సెంటీమీటర్ల చేప 250 మీటర్లు ఎక్కితే తన ఒంటి పొడుగుకి 5,000 రెట్లు ఎక్కినట్టు. అయిదున్నర అడుగుల మనిషికి అది ఎనిమిది కిలోమీటర్ల పైచిలుకు, నిట్టనిలువుగా. ఆకాశం తేటగా ఉన్న రోజు పలాస వైపు మహేంద్రగిరి కనపడుతుంది కదా, 1,501 మీటర్లు. అలాంటి కొండలు అయిదున్నర ఒకదాని మీద ఒకటి పేర్చి, సాయంత్రం ఎక్కి, భోంచేసి, పొద్దున్నే దిగాలి. మర్నాడు మళ్ళీ. మనం షెల్టర్ మేడ మీదకి ఎక్కడానికే మోకాళ్ళు పట్టుకుంటున్నాం.

పున్నమి రోజుల్లో అంత పైకి రావు, వెన్నెలకి భయం. పున్నమికి వల ఖాళీ అని మీరంటారు కదా, మీరు పట్టే చేపలకి కారణాలు వేరే కూడా ఉండొచ్చు, దీనికి మాత్రం వెన్నెలే.

ఈ రాకపోకల్ని మనుషులు మొదట కనిపెట్టింది చేపని చూసి కాదు, విని. 1942లో అమెరికా వాళ్ళు జలాంతర్గాముల్ని పట్టుకోవడానికి నీళ్ళలోకి శబ్దం పంపి ప్రతిధ్వని వింటున్నారు. మీ ఎకో సౌండర్ అదే కదా, అప్పటికి పెద్ద యంత్రం. కాలిఫోర్నియా పక్క సముద్రంలో మూడు నాలుగు వందల మీటర్ల దగ్గర శబ్దం తిరిగొస్తోంది, నేల తగిలినట్టు. పటం ప్రకారం నేల ఇంకా చాలా కింద ఉంది. దొంగ నేల! మూడేళ్ళ తర్వాత జాన్సన్ అనే శాస్త్రవేత్త రాత్రీ పగలూ కూర్చుని చూస్తే, ఆ నేల సాయంత్రం పైకి లేస్తోంది, పొద్దున్న దిగుతోంది. నేల లేస్తుందా ఎక్కడైనా? అది నేల కాదు, జీవాలు. రొయ్య జాతులూ, జెల్లీలూ, స్క్విడ్లూ, వాటితో పాటు కోట్ల కోట్ల లాంతరు చేపలు.

ఏమన్నావన్నయ్యా? గట్టిగా చెప్పు, అందరూ వింటారు. "మాకూ సూపిస్తాది మాస్టారూ, గీత. నేలనుకొని నంగరేస్తే దిగిపోతానే ఉంటాది." విన్నారా? ఆయన గుజరాత్‌లో వెరావల్ రేవుకి వేటకి వెళ్ళొచ్చిన మనిషి. అరేబియా సముద్రం ఉత్తరాన, గుజరాత్ దాటి ఒమన్ దాకా, ప్రపంచంలోనే ఈ చేప చాలా దట్టంగా ఉండే చోటు. ఆల్కాక్ మన దగ్గర దొరికించుకున్న చేపే, అక్కడ మందలు మందలుగా ఉంది. అన్నయ్య స్క్రీన్ మీద చూసిన గీత ఏమిటో నేను చూడకుండా చెప్పలేను, ఇదే అయి ఉంటే ఆశ్చర్యం లేదు.

వేలెడు చేప అంత పెద్ద ప్రతిధ్వని ఎలా ఇస్తుంది? లోపల గాలితిత్తి ఉంటుంది కదా, చేప కోస్తే తెల్లగా బుడగలా వస్తుంది. శబ్దానికి మాంసమూ నీళ్ళూ ఇంచుమించు ఒకటే, గాలి మాత్రం గోడ. ఒక్కో చేపలో ఒక్కో గాలి బుడగ, కోట్ల బుడగలు పక్కపక్కన ఉంటే నేల లాగే ఉంటుంది మరి.

కానీ ఆ బుడగతో చిక్కుంది. లోతు నుంచి లాగిన చేపకి పొట్ట ఉబ్బి నోట్లోంచి బయటికి రావడం చూశారుగా. ప్రతి పది మీటర్లకీ ఒక వాతావరణమంత ఒత్తిడి పెరుగుతుంది. 250 మీటర్ల దగ్గర 26 రెట్లు, పది మీటర్ల దగ్గర రెండు. అంటే కింద గోళీకాయంత గాలి పైకొచ్చేసరికి పదమూడు గోళీలంత కావాలి. పేలిపోవద్దూ? పేలదు. ఎక్కుతున్న కొద్దీ గాలిని రక్తంలోకి పీల్చుకుంటుంది, దిగుతున్న కొద్దీ రక్తంలోంచి మళ్ళీ నింపుతుంది. ఈ కుటుంబంలోనే కొన్ని జాతులు ఈ గొడవంతా ఎందుకని గాలి మానేసి కొవ్వు నింపుకున్నాయి. కొవ్వు ఎక్కినా దిగినా అంతగా ఉబ్బదు.

నీళ్ళ సంగతి కూడా చూడండి. పైన 28, 29 డిగ్రీలు. 250 మీటర్ల దగ్గర 13 చుట్టూ. రోజూ వేసవిలోంచి చలికాలంలోకి దిగుతుంది. అంతకన్నా పెద్ద విషయం ప్రాణవాయువు. బంగాళాఖాతంలోకి గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, మన వంశధార, నాగావళి, ఇన్ని నదుల మంచినీళ్ళు వచ్చి పైన తేలుతాయి. తేలిక నీళ్ళు కదా, నూనెలా పైనే ఉంటాయి, కిందవాటితో తొందరగా కలవవు. కిందేమో పైనుంచి పడిన చచ్చినవన్నీ కుళ్ళుతూ ఉన్న ప్రాణవాయువుని తినేస్తాయి. అందుకని వంద, నూట యాభై మీటర్ల కింద నుంచి కొన్ని వందల మీటర్ల మందాన ఊపిరాడని నీళ్ళు. అరేబియా సముద్రంలో ఇంకా ఘోరం. ఈ చేప పగలు వెళ్ళి పడుకునేది అందులోనే! ఎందుకు? టూనాలాంటి వేటగాడికి పరుగుకి చాలా ఊపిరి కావాలి, అక్కడ అది ఎక్కువసేపు ఉండలేదు. ఇది కదలకుండా, ఒంటి పని తగ్గించుకుని గడిపేస్తుంది. పోలీసులు రాని వీధిలో అద్దెకి దిగినట్టు.

"అయితే ఏటి తింటాదండి అది?" అంటోంది ఆ పాప. మంచి ప్రశ్న. బియ్యపు గింజ కన్నా చిన్న రొయ్యలాంటి పురుగులుంటాయి, కోపెపాడ్లు. అవీ, ఇంకొన్ని చిన్న రొయ్య జాతులూ. వాటి కోసమే పైకొచ్చేది, అవి కూడా రాత్రే పైకొస్తాయి కాబట్టి. మరి దీన్ని ఎవరు తింటారు? ఎవరు తినరో చెప్పడం తేలిక. టూనా తింటుంది, స్క్విడ్లు తింటాయి, డాల్ఫిన్లు తింటాయి. దక్షిణ ధ్రువం వైపు కింగ్ పెంగ్విన్లకి లాంతరు చేపలే ముఖ్యమైన భోజనం. మీరు రేపు లోతుకి వెళ్ళి టూనా తెస్తే, అమ్మే ముందు పొట్ట కోసి చూడండి. పెద్ద కన్ను ఉన్న చిన్న చేప అరగకుండా మిగిలి ఉంటే నాకు ఫోన్ చెయ్యండి, రాత్రయినా సరే.

ఆయుష్షు చెప్పలేదు కదూ. మన జాతికి ఏడాది నిండదు. నార్వే వైపు చల్లని నీళ్ళలో దీని అక్కలాంటి జాతి ఒకటి ఎనిమిదేళ్ళ దాకా బతుకుతుంది. ఇది ఏడాది లోపే పుట్టి, పెరిగి, గుడ్లు పెట్టి పోతుంది. ఎలా తెలుసంటారా? గొరక తల చీలిస్తే రెండు తెల్ల రాళ్ళు వస్తాయి కదా, చెవి రాళ్ళు. ఈ చేపకీ ఉన్నాయి, ఇసుక రేణువంత. సానబట్టి మైక్రోస్కోపు కింద పెడితే చెట్టు కాండంలో వలయాల్లా గీతలు. చెట్టుకి ఏడాదికొకటి, దీనికి రోజుకొకటి. మూడు వందల రోజుల చేప తలలో మూడు వందల గీతలు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల కొన్నాళ్ళు పైనీళ్ళలోనే ఉంటుంది, అప్పటికి దీపాలుండవు. కొన్ని జాతుల పిల్లలకి దవడ కింద ఒకటి ముందుగా వస్తుంది. పెద్దయి లోతుకి దిగే వేళకి మిగతావన్నీ వస్తాయి.

ఎన్నుంటాయి సముద్రంలో? ఇక్కడ శాస్త్రవేత్తలే తలలు పట్టుకున్నారు. 1980లో వలలు వేసి చూసి, ఇలాంటి మధ్యలోతు చేపలన్నీ కలిపి ప్రపంచంలో సుమారు వంద కోట్ల టన్నులు అన్నారు. 2014లో వల కాకుండా శబ్దంతో కొలిచి, వెయ్యి కోట్ల టన్నులో అంతకన్నా ఎక్కువో అన్నారు. పదింతల తేడా. ఎందుకంటే చేపలు వలని చూసి తప్పుకుంటున్నాయి. వలకి చిక్కలేదు కాబట్టి లేవనుకున్నాం. శబ్దం లెక్కలోనూ తేడాలుండొచ్చు, జెల్లీల్లో కూడా గాలి బుడగలున్నవి ఉంటాయి. కానీ చిన్న లెక్కే తీసుకోండి. ప్రపంచంలో అన్ని దేశాలూ ఏడాదికి సముద్రం నుంచి పట్టే చేప మొత్తం ఎనిమిది కోట్ల టన్నులకి అటూ ఇటూ.

నాకు తెలుసు, ఈ మాట వినగానే వెనక కూర్చున్న కుర్రాళ్ళ కళ్ళు పెద్దవయ్యాయి. అన్ని కోట్ల టన్నులుంటే పట్టొచ్చు కదా? ప్రయత్నించారు. దక్షిణాఫ్రికాలో ఇంకో జాతిని 1973లో 42 వేల టన్నుల పైచిలుకు పట్టారు. చేపలో నూనె ఎక్కువై పిండి చేసే మిషన్లు జిగురుపట్టి ఇబ్బంది పెట్టాయి. ఒమన్ సింధుశాఖలో ఇరాన్ వాళ్ళు మన బెంథోసెమానే పట్టి చూశారు, కోళ్ళ మేతకీ రొయ్యల మేతకీ పిండి కోసం. లోతు వల, పెద్ద ఓడ, డీజిల్ ఖర్చు, వచ్చేదేమో మేత ధర. గిట్టుబాటు కావడం కష్టం. నా అభిప్రాయం అడిగితే, గిట్టుబాటు కాకపోవడమే మంచిదయింది. అది కోనాం తినే చేపల్నీ, టూనానీ బతికిస్తోంది, దాన్ని పిండి చేసి రొయ్యకి పెట్టి, ఆ రొయ్యని మనం అమ్ముకోవడం ఏం లెక్క? ఇంకొకటి, అది రాత్రి పైన తిన్నదాన్ని పగలు కిందకి మోసుకెళ్ళి అక్కడ విసర్జిస్తుంది, అక్కడే చచ్చిపోతుంది. గాలిలోంచి సముద్రం పీల్చుకున్న కార్బన్ అలా లోతుకి చేరి చాలా కాలం అక్కడే ఉంటుంది. జీతం లేని కూలీ. వద్దన్నా రోజూ పనికొస్తుంది. ఈ విషయంలో నాతో ఒప్పుకోనివాళ్ళు ఇక్కడే ఉండొచ్చు, డీజిల్ ధర మీకు తెలిసినట్టు నాకు తెలీదు.

ఏమిటమ్మా? తినొచ్చా అని. ఆ ప్రశ్న ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను. జపాన్‌లో కోచి అనే చోట ఎండబెట్టి, కాల్చుకుని తింటారు. మన కేరళ కొచ్చి కాదు, వాళ్ళ కోచి. అక్కడ దీని పేరు హడాకా ఇవాషి. ఇవాషి అంటే కవళ్ళు లాంటి చేప, హడాకా అంటే బట్టల్లేనిది. నా చేతిలో పొలుసులు రాలిపోయాయని చెప్పానే, వాళ్ళకీ అదే కనపడింది. పొలుసులు వాటంతటవే రాలిపోతే మాకు పనే తక్కువంటున్నారు మీరు. నిజమే, ఎండు చేపలు అమ్మేవాళ్ళు చూసే చూపు వేరు.

చూశారా మరి. గ్రీకులో రెక్కలున్నది, ఇంగ్లీషులో లాంతరు, జపాన్‌లో బట్టల్లేనిది. మనకి లేదు. ఆ పాప ఏదో అంటోంది, అననివ్వండి. మిణుగురు నెత్తలా? మళ్ళీ చెప్పమ్మా. మిణుగురు నెత్తలు. నెత్తల జాతి కాదు తల్లీ ఇది, వరస కుదరదు. అయినా జపాన్ వాళ్ళది కవళ్ళ జాతా? కాదు కదా. సరే, రాసుకుంటున్నాను. భావనపాడులో అడిగితే ఇక మీ ఊళ్ళో ఇలా అన్నారని చెబుతాను.

చీకటి పడింది, ఆ లైటు వెయ్యండి ఎవరైనా. సీసా ఎవరి దగ్గరుంది? ఇటు ఇవ్వండి బాబూ, నా దగ్గరున్నది అదొక్కటే. ఎవరో మూత తిప్పారు, వాసనొస్తోంది. గట్టిగా బిగించి ఇవ్వండి.